దద్దురు లేచిన గంటలోనే

చేప పడలేదా, చేప చెడిందా, ఒంట్లోనే జబ్బుందా? హిస్టమిన్ తెచ్చే బాధల్లో తేడా పట్టిచ్చేవి మొదటి కొన్ని గంటలే

మధ్యాహ్నం భోజనంలోకి సూర చేపల పులుసు. చెయ్యి కడుక్కుని లేచిన ఇరవై నిమిషాలకు ఇంటాయన ముఖం ఎర్రగా కందిపోయింది. చెవులు వేడెక్కాయి. తలపోటు, గుండె దడ, మెడ మీద దద్దుర్లు, కాసేపటికి కడుపులో తిప్పడం. "మీకు చేప పడలేదేమో" అంది ఇల్లాలు. చిన్నప్పటి నుంచి తింటున్న చేప ఇవాళే ఎందుకు పడలేదు? ఆ మాట అనుకుంటుండగానే ఆమె బుగ్గలూ మండడం మొదలైంది. గిన్నెడు పులుసు పంపిన పక్కింటి నుంచీ అదే కబురు.

తీరప్రాంతంలో ఎవరింట్లోనైనా జరగగల సంగతి ఇది. ఒకే గిన్నెలోంచి తిన్నవాళ్లందరికీ ఒకేసారి ఇలా వచ్చిందంటే అది అలర్జీ అయ్యే అవకాశం చాలా తక్కువ. అలర్జీ మనిషిని బట్టి ఉంటుంది, గిన్నెను బట్టి కాదు. ఇక్కడ తేడా చేసింది చేపే. అందులో తయారైన హిస్టమిన్ అనే పదార్థమే వీళ్లందరి ఒంటి మీదా దద్దుర్లు లేపింది.

విశాఖ హార్బర్‌లో దిగే సూర, కానాగుర్తలు, కవ్వళ్లు వంటి ముదురురంగు కండ చేపల్లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప చచ్చాక ఐసు లేకుండా వేడిలో పడి ఉంటే బాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చేస్తుంది. వాసన మారకముందే, రంగు తిరగకముందే ఇదంతా జరిగిపోవచ్చు. ఒకసారి తయారైందా, పులుసు ఎంత మరిగించినా పోదు, ఫ్రీజర్‌లో ఎన్నాళ్లు పెట్టినా పోదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కిలో చేపలో 200 మిల్లీగ్రాములు దాటకూడదని గీత గీసింది. మన వీధిలో గంప దించే చేపను ఎవరూ కొలవరు కాబట్టి మనకు దిక్కు ఐసే.

చేపల పులుసు మర్నాటికే రుచి అంటారు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టిన పులుసుతో పేచీ లేదు. పేచీ అంతా పడవ నుంచి పొయ్యి దాకా పట్టిన సమయంతోనే. మొప్పలు ఎత్తి చూసే అలవాటు మనకు ఎలాగూ ఉంది. చేప నిజంగా ఐసులో కూరుకుని ఉందా, పైన నాలుగు ముక్కలు చల్లారా అన్నదీ అప్పుడే చూసుకోవాలి.

ఒంట్లోనే ఉన్న నిల్వలు

హిస్టమిన్ బయటి నుంచే రానక్కర్లేదు. మన శరీరంలోనే దాని నిల్వలు ఉన్నాయి. 1878లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పాల్ ఎర్లిక్ అనే 24 ఏళ్ల వైద్య విద్యార్థి, బట్టలకు వేసే అనిలిన్ రంగులను కణజాలానికి అద్ది మైక్రోస్కోపు కింద చూశాడు. కొన్ని కణాల్లోని రేణువులు మాత్రం అద్దిన రంగును కాదని వేరే రంగుకు తిరిగాయి. దానిమ్మకాయలో గింజల్లా ఆ కణాల నిండా రేణువులు కిక్కిరిసి ఉన్నాయి. వాటికి అతను పెట్టిన పేరే మాస్ట్ కణాలు. ఎర్లిక్‌కు ఆ తర్వాత నోబెల్ వచ్చింది గానీ, ఆ రేణువుల్లో హిస్టమిన్ ఉందని తేలడానికి 75 ఏళ్లు పట్టింది. 1910లో లండన్‌లో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్లా జంతువులకు హిస్టమిన్ ఎక్కించి చూశారు. రక్తపోటు పడిపోవడం, ఊపిరి బిగుసుకోవడం చూసి, తీవ్రమైన అలర్జీలో కనిపించేదీ ఇదేనని గుర్తించారు. 1953లో జేమ్స్ రైలీ, జెఫ్రీ వెస్ట్ ఆ హిస్టమిన్ దాగి ఉన్న చోటు మాస్ట్ కణాలేనని చూపించారు.

ఎముక మజ్జలో పుట్టి, చర్మం కింద, పేగుల్లో, శ్వాసనాళాల్లో, రక్తనాళాల చుట్టూ, నరాల పక్కన కాపురం పెట్టే కణాలివి. బయటి ప్రపంచం ఒంటిని తాకే ప్రతి చోటా ఉంటాయి. అందుకే వీటి అల్లరి ఒక అవయవంతో ఆగదు. చర్మం మీద దురద, ముక్కు నుంచి నీరు, కడుపునొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఒకేసారి వస్తాయి. రోగి చర్మం డాక్టరు దగ్గరికి ఒకసారి, కడుపు డాక్టరు దగ్గరికి ఒకసారి, చివరికి 'టెన్షన్ తగ్గించుకోండి' అన్న మాట దగ్గరికి ఒకసారి తిరుగుతుంటాడు. ఒక్కొక్కరూ తమ ముక్కనే చూస్తే మొత్తం బొమ్మ ఎవరికీ కనబడదు.

వేరుశనగో, రొయ్యో, కందిరీగ విషమో పడని మనిషి ఒంట్లో దానికోసమే తయారైన ఐజీఈ అనే ప్రతిరక్షకాలు మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ పదార్థం తగలగానే నిమిషాల్లో రేణువులు విచ్చుకుంటాయి. ఇది అందరూ ఎరిగిన అలర్జీ. ఈ ప్రతిరక్షకాలతో పనిలేకుండానే కణాన్ని తట్టిలేపే మందులూ ఉన్నాయి. మార్ఫిన్, వాంకోమైసిన్, సిప్రోఫ్లాక్ససిన్, మత్తు ఇచ్చేటప్పుడు వాడే కొన్ని కండరాల మందులు ఆ కోవలోవి. వీటిలో చాలావాటికి మాస్ట్ కణం మీద ఒకే ద్వారం ఉందని 2015లో బయటపడింది. ఇవికాక ఎండ, చలి, ఒరిపిడి, వ్యాయామం, మద్యం, మానసిక ఒత్తిడి, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు కొందరిలో పని చెడగొడతాయి.

ఇంతా చేసి ఈ కణాలు మనకు శత్రువులు కావు. పేగుల్లో పురుగులను వెళ్లగొట్టడంలో, బాక్టీరియా చొరబడితే తెల్లకణాలను పిలవడంలో వీటిది ముందు వరస. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో పాము విషాన్ని, తేలు విషాన్ని సైతం మాస్ట్ కణాల ఎంజైములు ముక్కలు చేయడం కనిపించింది. కాబట్టి వైద్యం లక్ష్యం వీటిని తుడిచిపెట్టడం కాదు, అకారణంగా రేగకుండా చూడడం.

మచ్చ మీద గీత గీస్తే

అరుదుగా ఈ కణాలే అవసరానికి మించి పెరిగిపోతాయి. అదే మాస్టోసైటోసిస్. పసిపిల్లల్లో అయితే ఒంటి మీద గోధుమరంగు మచ్చలుగా మొదలవుతుంది. డాక్టరు ఆ మచ్చను పుల్లతోనో గోటితోనో మెల్లగా రుద్దితే, చూస్తుండగానే మచ్చ ఉబ్బి చుట్టూ ఎర్రబడుతుంది. చుట్టూ ఉన్న మామూలు చర్మం మీద అలా జరగదు. వైద్యగ్రంథాల్లో దీనికి డారియర్ గుర్తు అని పేరు. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేని పరీక్ష ఇది. బిడ్డ ఒంటి మీద ఇలాంటి మచ్చలుంటే తల్లిదండ్రులు హడలిపోనక్కర్లేదు. చాలామంది పిల్లల్లో ఎదిగే వయసుకల్లా ఇది బాగా తగ్గిపోతుంది. స్నానంలో గట్టిగా రుద్దకపోవడం, మరీ వేడినీళ్లు పోయకపోవడం, జ్వరానికి ఏ మందు వాడాలో డాక్టరును ముందే అడిగి పెట్టుకోవడం మాత్రం అవసరం.

పెద్దల్లో సంగతి వేరు. ఎముక మజ్జ దాకా వ్యాపించిన రకమే ఎక్కువ. నూటికి తొంభైమందికి పైగా రోగుల్లో కిట్ అనే జన్యువులో డీ816వీ అనే ఒకే మార్పు కనిపిస్తుంది. 'ఎదుగు' అన్న సంకేతం ఆ మార్పు వల్ల ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అయినా ఎక్కువమందికి వచ్చేది నిదానంగా సాగే రకం. దానితో దశాబ్దాలు బతుకుతారు. తీవ్రమైన రకాలకు 2017లో మిడోస్టారిన్, 2021లో అవాప్రిటినిబ్ అమెరికాలో అనుమతి పొందాయి. నిదానపు రకానికీ 2023లో అవాప్రిటినిబ్‌ను అనుమతించారు. మన సామాన్యుడికి వాటి ధర ఇంకా అందనిదే.

ఈ జబ్బును పట్టిచ్చే రెండు ఆనవాళ్లు తెలిసి ఉండాలి. తేనెటీగో కందిరీగో కుట్టాక, ఒంటి మీద ఒక్క దద్దురైనా లేకుండా మనిషి కుప్పకూలడం ఒకటి. పెద్ద వయసు రాకుండానే, చిన్న దెబ్బకే వెన్నెముక విరగడం రెండోది. ఎముకల డాక్టరు ముందు కూర్చున్నవాళ్లలో ఇలాంటివారు తప్పిపోతుంటారు.

నాలుగు గంటల రుజువు

మాస్ట్ కణాలు నిజంగా విచ్చుకున్నాయా లేదా అని చెప్పే సాక్షి ట్రిప్టేజ్ అనే ఎంజైము. హిస్టమిన్ రక్తంలో నిమిషాల్లో మాయమవుతుంది. ట్రిప్టేజ్ కొన్ని గంటలు నిలుస్తుంది. తీవ్రమైన దాడి మొదలైన గంట నుంచి నాలుగు గంటల లోపు రక్తం తీసి ఉంచితే సాక్ష్యం దొరుకుతుంది. మర్నాడు పొద్దున తీస్తే ఏమీ ఉండదు, 'అన్నీ నార్మల్' అని కాగితం చేతికి వస్తుంది.

ఇంకో చిక్కుంది. ల్యాబు రిపోర్టులో సాధారణంగా 11.4 నానోగ్రాముల దాకా మామూలు అని రాస్తారు. కానీ చూడాల్సింది ఆ గీతను కాదు, ఆ మనిషి సొంత లెక్కను. లక్షణాలన్నీ తగ్గి కనీసం ఒక రోజు గడిచాక రెండోసారి రక్తం తీసి, ఆ మామూలు స్థాయికి 20 శాతం కలిపి, దానికి 2 జతచేయాలి. దాడి వేళ ట్రిప్టేజ్ ఆ అంకెకు చేరిందంటే మాస్ట్ కణాలు రేగినట్టే. ఒకరి మామూలు స్థాయి 5 అనుకుందాం. 20 శాతం కలిపితే 6, మరో 2 కలిపితే 8. దాడి వేళ 9 వచ్చిందంటే రుజువు దొరికినట్టు. రిపోర్టు మాత్రం 11.4 దాటలేదు కాబట్టి బాగానే ఉందంటుంది. ఈ చిన్న కూడిక చేయకపోవడం వల్ల ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు.

మామూలు స్థాయే ఎప్పుడూ ఎక్కువగా ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు. ట్రిప్టేజ్ జన్యువు అదనపు ప్రతులతో పుట్టినవాళ్లు పాశ్చాత్య దేశాల్లో నూటికి ఐదుగురి దాకా ఉన్నారని 2016 తర్వాత తెలిసింది. వారిలో చాలామందికి ఏ బాధా లేదు.

మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్ అనే పేరు ఇప్పుడు చాలామంది నోట వినిపిస్తోంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో చెబితే ఇక్కడి తల్లిదండ్రులు ఆరా తీస్తున్నారు. ఎక్కువమంది నిపుణులు ఒప్పుకునే పద్ధతిలో ఈ పేరు పెట్టాలంటే మూడూ కుదరాలి. రెండు లేదా అంతకు మించిన అవయవాల్లో ఒకేసారి మళ్లీ మళ్లీ దాడులు రావాలి, ఆ వేళ ట్రిప్టేజ్ పెరగాలి, మాస్ట్ కణాల మందులకు గుణం కనిపించాలి. మరో వర్గం వైద్యులు ఈ గీతలను బాగా వదులు చేసి, జనాభాలో 17 శాతం దాకా ఇది ఉండొచ్చంటారు. నాకు మొదటి పద్ధతే సబబుగా తోస్తుంది. నీరసానికీ, నిద్రలేమికీ, కీళ్లనొప్పికీ అన్నిటికీ ఒకే పేరు తగిలిస్తే, థైరాయిడో రక్తహీనతో గుండె జబ్బో ఆ పేరు చాటున దాక్కుంటుంది. రోగి బాధ అబద్ధమని నేను అనడం లేదు. అతని బాధకు సరైన పేరు దొరకాలనే అంటున్నాను.

మందుల విషయానికొస్తే, మొదటి మెట్టు మగత రాని యాంటీహిస్టమిన్ మాత్రలు. కడుపు లక్షణాలకు ఫామోటిడిన్ వంటివి తోడవుతాయి. ఆరు వారాలు దాటినా తగ్గని దద్దుర్లకు డాక్టర్లు అదే మాత్రను నాలుగు రెట్ల దాకా పెంచుతారు, అదీ చాలకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్. సొంతంగా పెంచుకోకూడదు. క్రోమోగ్లైకేట్ అనే మందు వెనక ఒక మనిషి కథ ఉంది. రోజర్ ఆల్టున్యాన్ అనే వైద్యుడికి ఉబ్బసం. గినీపిగ్ వెంట్రుకలు పడవు. ఆ వెంట్రుకల సారాన్ని పీల్చి తనకు తానే ఉబ్బసం తెచ్చుకుని, ప్రయోగశాలలో తయారైన రసాయనాలను ఒక్కొక్కటిగా తన మీదే పరీక్షించుకుంటూ ఏళ్లు గడిపాడు. 1965లో దొరికిన ఆ మందు మాస్ట్ కణాల రేణువులు విచ్చుకోకుండా ఆపుతుంది. పేగుల లక్షణాలున్న మాస్టోసైటోసిస్ రోగులకు దాన్ని నోటి ద్వారా ఇవ్వడం నేటికీ ఉంది.

పళ్లెం ఖాళీ చేసుకోవద్దు

తిండిలోని హిస్టమిన్‌ను పేగుల్లో విరిచేసే ఎంజైము డయమైన్ ఆక్సిడేజ్. అది తక్కువైనవారికి మామూలు మోతాదు హిస్టమిన్ కూడా తలపోటు, ముక్కు దిబ్బడ, కడుపుబ్బరం, దురద తెస్తుందన్నది హిస్టమిన్ అసహనం వెనకున్న ఆలోచన. ఆలోచన సబబే, రుజువు మాత్రం పలచన. రోగికి తెలియకుండా హిస్టమిన్ ఇచ్చి చూసినప్పుడు లక్షణాలు ప్రతిసారీ తిరిగి రాలేదు. రక్తంలో ఆ ఎంజైమును కొలిచే పరీక్ష ఒక్కటే చూసి నిర్ధారించడం కుదరదు. డబ్బు పోసి ఆ పరీక్ష చేయించే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

ఉన్నంతలో నమ్మదగ్గ దారి ఆహారం డైరీ. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, అది వండి ఎంతసేపైంది, ఏం లక్షణం, ఎన్ని గంటలకు అని రాసుకోవాలి. పది పధ్నాలుగు రోజులు ఎండుచేపలు, ఎండు రొయ్యలు, నిల్వ మాంసం, బాగా పులిసిన పెరుగు, చీజ్, మద్యం, టమాటా, వంకాయ, పాలకూర పక్కన పెట్టి చూడొచ్చు. ఆ తర్వాత ఒక్కొక్కటీ వెనక్కి తేవాలి. వెనక్కి తేవడమే ఇందులో ముఖ్యం. చాలామంది మానేయడం దగ్గరే ఆగిపోతారు. ఇవాళ వంకాయ, రేపు పెరుగు, ఎల్లుండి పప్పు అంటూ తీసేస్తూ పోయి చివరికి అన్నం, చారు మీద బతికే ఆడవాళ్లను నేను చూశాను. రక్తం తగ్గి, జుట్టు రాలి, అప్పుడు మళ్లీ ఆ లక్షణాలకూ ఇదే కారణమనుకుంటారు. ఎదిగే పిల్లలకైతే డాక్టరు, పోషకాహార నిపుణులు పక్కన లేకుండా ఈ ప్రయోగం చేయనే కూడదు.

ఇక మన రాష్ట్రాల్లో అందరికీ తెలియాల్సిన విషయం ఒకటుంది. క్షయ వ్యాధికి వాడే ఐసోనియాజిడ్ ఈ డయమైన్ ఆక్సిడేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ మాత్రలు వేసుకుంటున్న మనిషి హిస్టమిన్ చేరిన సూర చేపో కానాగుర్తో తింటే ముఖం ఎర్రబడడం, తలపోటు, గుండెదడ, దద్దుర్లు వస్తాయి. అదే చేప తిన్న ఇంట్లో మిగతావాళ్లకు ఏమీ కాకపోవచ్చు. శ్రీలంక వైద్యులు 1977లోనే దీని గురించి రాశారు. మన తీరంలోనూ అదే చేప, అదే మాత్ర. ప్రమాదం ఆ దద్దుర్లలో కన్నా తర్వాత వచ్చే ఆలోచనలో ఎక్కువ. "టీబీ మందు నాకు పడలేదు" అని రోగి మాత్రలు మానేస్తాడు. ఆరు నెలల కోర్సు మధ్యలో ఆగితే జబ్బు మొండికేస్తుంది. మాత్రలు అందించే ఆరోగ్య కార్యకర్త, ఆశా కార్యకర్త ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "దద్దుర్లు రాకముందు ఏ చేప తిన్నావమ్మా, ఎప్పటిది?" మందు ఆపాలో వద్దో డాక్టరు తేలుస్తారు. మానాల్సింది చేపే కావచ్చు.

మొదట తొడలో సూది

దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, వాంతులు, కళ్లు చీకట్లు కమ్మడం మొదలైతే అది అనాఫిలాక్సిస్. అప్పుడు లెక్క గంటల్లో కాదు, నిమిషాల్లో. మన ఊళ్లలో ఇలాంటి వేళ ఒక అవిల్, ఒక డెకడ్రాన్ వేసి కాసేపు కూర్చోబెట్టడం మామూలు. అవిల్ దురద తగ్గిస్తుంది. పడిపోతున్న రక్తపోటును నిలబెట్టదు, మూసుకుపోతున్న శ్వాసనాళాన్ని తెరవదు. డెకడ్రాన్ స్టెరాయిడ్, అది పనిచేయడానికి గంటలు పడుతుంది. ప్రాణం నిలిపేది అడ్రినలిన్. తొడ బయటివైపు కండరంలోకి, పెద్దలకు అర మిల్లీగ్రాము, పిల్లలకు బరువును బట్టి. అవసరమైతే ఐదు నిమిషాలకు మళ్లీ. ఈ మందు ఆంప్యూల్ చాలా చవక. విదేశాల్లో రోగులు జేబులో పెట్టుకు తిరిగే రెడీమేడ్ సూది మన మందుల షాపుల్లో సులభంగా దొరకదు. కాబట్టి ఒకసారి ఇలాంటి దాడి వచ్చినవాళ్లు, డాక్టరుతో మాట్లాడి ఆంప్యూల్, సిరంజి, మోతాదు రాసిన కాగితం ఇంట్లో పెట్టుకోవడం, ఇంట్లో ఒకరు ఆ సూది వేయడం నేర్చుకోవడం మంచిది.

సూది అందేలోపు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. ఊపిరి ఆడకపోతే వెనక్కి ఆనించి కూర్చోబెట్టండి. లేపి నడిపించకండి, ఒక్కసారిగా నిలబడితే గుండె ఆగే ప్రమాదం ఉంది. 108కి ఫోన్ చేసి 'తీవ్రమైన అలర్జీ, అడ్రినలిన్ కావాలి' అని స్పష్టంగా చెప్పండి. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు రెండోసారి తిరగబెట్టవచ్చు కాబట్టి ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలి. అక్కడుండగానే ట్రిప్టేజ్‌కు రక్తం తీయించమని అడగండి, ఎన్ని గంటలకు తీశారో కాగితం మీద రాయించుకోండి.

ఈ వారం మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, మీరు వెళ్లే క్లినిక్‌కో వెళ్లినప్పుడు ఒక మాట అడగండి: అడ్రినలిన్ ఉందా, దాని గడువు తేదీ ఎప్పటిది? లేదంటే తెప్పించమని గట్టిగా చెప్పండి.